ఏడింటి వార్తల్లో అల్లం పచ్చడి

మా నిడదవోలులో కేబుల్ టీవీవాళ్ళు సొంతంగా వార్తలు మొదలుపెట్టినప్పుడు వాటిని చదివింది నేను. తొంభైల మధ్యలో సంగతి. డిగ్రీ పూర్తిచేసి, రైల్వే గేటుకి అవతల ఒక చిన్న కాన్వెంటులో మూడో తరగతి పిల్లలకి పాఠాలు చెబుతున్నాను. సెల్‌ఫోన్ అనేది ఒకటుందని పేపర్లో చదవడమే. ఇంటికి ఫోను పెట్టించుకోవాలంటే దరఖాస్తు పెట్టి ఎదురుచూడాలి. ఊళ్ళో ఒకరు ఇంకొకరికి అర్జంటుగా కబురు పంపాలంటే రెండే దారులు: సైకిలు, లేకపోతే గొంతు.

కేబుల్ నడిపే ఆయన్ని ఊరంతా డిష్షాయన అనేవారు. కొబ్బరిచెట్లకి చుట్టి, మేడల పిట్టగోడల మీదుగా లాగి, ఊళ్ళో సగం ఇళ్ళకి వైర్లు తగిలించాడు. ఆయన బావమరిదికి పెళ్ళిళ్ళకి వీడియోలు తీసే కెమెరా ఉంది. ఆ ఏడు మూఢం వచ్చి పెళ్ళిళ్ళు ఆగిపోయాయి. కెమెరా ఖాళీగా ఉంది, బావమరిది ఖాళీగా ఉన్నాడు, పైగా మూడు పూటలా డిష్షాయన ఇంట్లోనే భోంచేస్తున్నాడు. ఆ బాధలోంచి పుట్టిన ఆలోచనే మా ఊరి వార్తలు.

డిష్షాయన మా ఇంటికి వచ్చి నాన్నగారి ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నాన్నగారు హైస్కూల్లో తెలుగు పండితులు. శుభలేఖ వచ్చినా ముందు అచ్చుతప్పులు దిద్ది, తర్వాత ముహూర్తం చూసే మనిషి.

"మాస్టారూ, అమ్మాయిగారు రోజూ సాయంత్రం ఏడింటికి ఓ పావుగంట వార్తలు చదివితే బావుంటదండి."

"మా అమ్మాయి టీవీలో కనపడ్డమేంటయ్యా?"

"కనపడ్డం కోసం కాదండి. మా వాడు నిన్న ట్రయల్ చదివాడండి. ‘విశాఖ’ని ‘విసాక’ అన్నాడండి."

నాన్నగారి మొహంలో నొప్పి కనిపించింది. ఎవరో ఆయన కాలు తొక్కినట్టు.

"ఇంకేం అన్నాడు?"

"‘భాష’ని ‘బాస’ అన్నాడండి. ఊరంతా వింటారు కదండీ, పిల్లలు అదే నేర్చుకుంటారని నా బెంగండి."

ఆ బెంగ డిష్షాయనకి నిజంగా ఉందని నేను ఇప్పటికీ నమ్మను. నాన్నగారు మాత్రం ఆ సాయంత్రమే నన్ను కూర్చోబెట్టి శ, ష, స మూడూ పలికించారు.

స్టూడియో అంటే బజార్లో కిరాణా కొట్టు మీద ఉన్న గది. కింద మిరపకాయల బస్తాలు విప్పినప్పుడల్లా పైన నాకు తుమ్ములు వచ్చేవి. వెనకాల పెళ్ళి మండపం నుంచి మిగిలిన ఎర్ర తెర, ముందు ఒక బల్ల, దాని మీద ప్లాస్టిక్ గులాబీలు. ఫ్యాను చప్పుడు మైకులో పడుతుందని వార్తలు అయ్యేదాకా ఆపేసేవారు. లైట్ల వేడికి పౌడరు మొహం మీంచి చారికలుగా కారేది. రికార్డు చేసి తప్పులు కత్తిరించడం బావమరిదికి చేతకాదు కాబట్టి అంతా లైవే. కెమెరాలోంచి వైరు పక్కనున్న పెట్టెలోకి, పెట్టెలోంచి కొబ్బరిచెట్ల మీదుగా ఇళ్ళలోకి. నేను తుమ్మితే ఊరు చిరంజీవ అనేది.

ఇక వార్తలు. మా ఊళ్ళో రోజుకి పావుగంటకి సరిపడా విశేషాలు జరగవని మొదటి వారంలోనే తేలిపోయింది. అందుకని ఏ వీధిలో ఎప్పుడు కరెంటు తీస్తారో, కాలవలోకి నీళ్ళు ఎప్పుడు వదులుతారో, ఎవరి దూడ తప్పిపోయిందో చదివేదాన్ని. అన్నిటికన్నా ముఖ్యం నర్సాపురం వైపు వెళ్ళే పాసింజరు ఏ వేళకి వస్తుందన్న సంగతి. జంక్షను ఊరు కదా, ఆ ఒక్కటీ వింటే చాలని టీవీ పెట్టేవాళ్ళు బోలెడుమంది.

ఇంటికి వెళ్ళేసరికి నాన్నగారు ఎర్ర పెన్నుతో తయారుగా ఉండేవారు. "‘విద్యుత్తుశక్తి’ ఏమిటమ్మా? విద్యుచ్ఛక్తి!" నాయనమ్మది ఇంకో రకం బాధ. తెర మీద నేను నమస్కారం పెడితే ఆవిడ తిరిగి నమస్కారం పెట్టేది. "మొగుడి తరపు వాళ్ళకి పెట్టినట్టు ఎంత ఒద్దిగ్గా పెట్టావే! కానీ ఇవాళ నావైపు ఒక్కసారైనా చూడలేదు. అంత కోపం ఏంటి?" అని నిలదీసేది.

కబుర్లు చదవడం అనుకోకుండా మొదలైంది. ఒక సాయంత్రం కిరాణా కొట్టులో సరుకులు కట్టించుకుంటున్న ఒకావిడ మెట్లెక్కి పైకి వచ్చింది. "మా ఆయన గేటు దగ్గర సెలూన్లో కూచున్నారమ్మా. అక్కడ టీవీ ఉంది. కొంచెం ఇటు వచ్చి బియ్యం బస్తా పట్టుకోమని చెప్పవా?" అంది. వార్తలు మొదలయ్యే వేళ. కాదనలేక, రైలు కబురు తర్వాత ఆ ముక్క కూడా చదివేశాను. పావుగంటలో ఆయన సగం గీసిన గడ్డంతో వచ్చి కొట్టు ముందు నిలబడ్డాడు.

మర్నాటి నుంచి చీటీలే చీటీలు. తాళంచెవి పక్కింట్లో ఇచ్చామని ఒకరు, తణుకు నుంచి వచ్చిన మామ్మగారు స్టేషన్లో కూర్చుని ఉన్నారు, తీసుకెళ్ళాల్సినవాళ్ళు మర్చిపోయారని ఇంకొకరు. ఊరికి ఫోన్లు లేని లోటు నా గొంతు తీర్చింది. డిష్షాయనకి కొత్త కనెక్షన్లు వచ్చాయి. ఇంట్లో టీవీ ఉండి కేబుల్ లేకపోతే తమకి వచ్చిన కబురు ఊరందరికీ తెలిసి తమకే తెలియని పరిస్థితి.

ఇలా ఉండగా స్టేషన్ ఎదురుగా ఉన్న టిఫిన్ హోటలు దంపతులకి గొడవ వచ్చింది.

వాళ్ళిద్దరికీ యాభై దాటి ఉంటాయి. ఆయన పెనం దగ్గర నిలబడి పెసరట్లు పోసేవారు, ఆవిడ లోపల ఉప్మా, అల్లం పచ్చడి చేసేవారు. ఆ పచ్చడి కోసం రైలు వదులుకున్నవాళ్ళు ఉన్నారు. నేను ఆయన్ని బాబాయిగారూ అనీ, ఆవిడని పిన్నిగారూ అనీ పిలిచేదాన్ని. గొడవకి కారణం హోటల్లో టీవీ. ఆవిడ ఎన్నో వారాలుగా చూస్తున్న సీరియల్లో అసలు దొంగ ఎవరో బయటపడే సమయానికి ఆయన వచ్చి క్రికెట్ పెట్టారు. ఆవిడ స్టౌ ఆపి, చెయ్యి కడుక్కుని, నాలుగు చీరలు సంచిలో సర్దుకుని గేటుకి అవతల అక్కగారింటికి వెళ్ళిపోయారు. ఆ మ్యాచి మనవాళ్ళు ఓడిపోయారు కూడా.

రెండు రోజులకి బాబాయిగారు స్టూడియోకి వచ్చి చీటీ ఇచ్చారు. పెళ్ళాన్ని రమ్మని అడగడానికి ఆయనకి నామోషీ. అందుకని ఊరికి విజ్ఞప్తి చేసుకున్నారు. నేను ఇలా చదివాను: "అల్లం పచ్చడిలో బెల్లం ముందు వెయ్యాలో, చింతపండు ముందు వెయ్యాలో తెలిసినవారు స్టేషన్ హోటలులో తెలియజేయగలరు."

మర్నాడు అక్కగారి మనవరాలి చేత జవాబు చీటీ వచ్చింది. "తెలిసినవారికి తెలుసు. అడగవలసినవారిని అడగవలసిన పద్ధతిలో అడగవలెను."

అది చదువుతున్నప్పుడు నాకు నవ్వు ఆగలేదు. వార్తలు చదివే మనిషి నవ్వకూడదని తుమ్ము నటించాను. ఆ రాత్రి ఇంట్లో నాన్నగారు మండిపడ్డారు. "వార్తల్లో కాపురాలేంటమ్మా! ఇది వార్తాప్రసారమా, వీధి అరుగా?" అని కంచం ముందు కూర్చున్నారు. రెండు ముద్దలు తిన్నాక, "అయినా ఆవిడ వాక్యం చూశావా, ఎంత కట్టుగా ఉందో. ఇంతకీ ఆయన జవాబిచ్చాడా?" అన్నారు.

జవాబులు రోజూ వచ్చాయి. ఆయన "క్రికెట్ దేశానికి సంబంధించిన విషయం" అంటే, ఆవిడ "దేశానికి పచ్చడి కూడా దేశమే చేసి పెట్టగలదు" అన్నారు. డిష్షాయన ఈ చీటీలని రైలు కబురు తర్వాతకి, అంటే అన్నిటికంటే ఆఖరికి జరిపించాడు, జనం చివరిదాకా కూర్చుంటారని. హోటల్లో పచ్చడి ఒకరోజు ఉప్పు కషాయం, ఒకరోజు పాకం. రోజూ రైల్లో ఉద్యోగాలకి వెళ్ళేవాళ్ళు కలిసి ఒక చీటీ పంపారు: "దంపతులిద్దరూ సత్వరమే రాజీపడి మా ఉదయాలను కాపాడగలరు." బస్టాండు దగ్గరి హోటలాయన ఇదే సందని ప్రకటన ఇచ్చాడు: "మా వద్ద అల్లం పచ్చడి, యజమాని దంపతులు, ఇద్దరూ బాగున్నారు." అది చదవనని నేను మొరాయించాను. డిష్షాయన బతిమాలాడు. చదివాను.

పెద్దమనుషులు కొందరు బాబాయిగారిని కూర్చోబెట్టి, ఒక్క మెట్టు దిగవయ్యా అని నచ్చచెప్పారట. ఆయన అదే సాయంత్రం చీటీ పట్టుకుని స్వయంగా వచ్చారు. వార్తలకి ముందు నేను దాన్ని విప్పి చూశాను. ఒకటే వాక్యం. "తప్పు నాదేనని ఒప్పుకోవడానికి నాకేమీ పిచ్చి పట్టలేదు."

"బాబాయిగారూ, ఇది చదవమంటారా?"

"అక్షరం మారకూడదమ్మా. చదివేదాకా ఇక్కడే కూచుంటాను."

"మెట్టు దిగమన్నారటగా, పెద్దలు?"

"దిగుదామనే రాయడం మొదలెట్టాను. సగంలో కోపమొచ్చింది."

ఆయన బల్ల పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. నేను దూడల సంగతి, కాలవ సంగతి, పాసింజరు సంగతి చదివి, ఆఖరికి ఆ చీటీ తీశాను. "తప్పు నాదేనని ఒప్పుకోవడానికి నాకేమీ..."

కరెంటు పోయింది.

ఊరి మొత్తానికి ఆ వాక్యం అక్కడ ఆగిపోయింది. మన భాషలో ఉన్న తమాషా ఏమిటంటే అసలు సంగతంతా చివర ఉంటుంది. అంతదాకా మనిషి ఒప్పుకుంటున్నాడో, కాదంటున్నాడో దేవుడికైనా తెలియదు. కిటికీలోంచి చూస్తే బజారంతా చీకటి. అరుగుల మీద వాదనలు మాత్రం స్పష్టంగా వినిపిస్తున్నాయి. "అభ్యంతరం లేదు అనుంటాడ్రా!" "ఆయనా? ఆ నోటమ్మటా? ‘అవసరం లేదు’ అనుంటాడు, పందెం!"

బాబాయిగారు కుర్చీలోంచి కదల్లేదు. "కరెంటొచ్చాక మళ్ళీ మొదట్నించీ చదవాలమ్మా. సగం మాట మంచిది కాదు" అన్నారు. బావమరిది కొవ్వొత్తి వెతకడానికి వెళ్ళి ఏదో తన్నుకుని పడ్డ చప్పుడైంది. డిష్షాయన అటువెళ్ళాడు. నేను చీటీ పట్టుకుని చీకట్లో కూర్చున్నాను.

కాసేపటికి మెట్ల మీద గాజుల చప్పుడు, ఆయాసం. "అమ్మాయ్, ఉన్నావా? తర్వాత మాటేంటమ్మా? గేటు పడుంటే కింద నుంచి దూరి వచ్చాను." పిన్నిగారి గొంతు. ఆయన అక్కడే ఉన్నట్టు ఆవిడకి తెలియదు.

నేను నోరు విప్పేలోపు పక్క కుర్చీలోంచి చిన్న దగ్గు వినిపించింది. ఆ దగ్గు ఆవిడకి ముప్ఫై ఏళ్ళుగా తెలుసు.

"మీరూ ఇక్కడే ఉన్నారా? అయితే మీరే చెప్పండి."

బాబాయిగారి కుర్చీ కిర్రుమంది. తర్వాత సన్నటి గొంతుతో, "అభ్యంతరం లేదని" అన్నారు.

"అలాగే రాశారా?"

"ఆ."

"ఏదీ, చదవమ్మా."

"చీకట్లో ఎలా చదువుద్దే పాపం!" అన్నారు ఆయన. ఆ ఒక్కపూట కరెంటు లేనందుకు సంతోషించిన మనిషి ఊళ్ళో ఆయనొక్కరే అయివుంటారు.

సరిగ్గా అప్పుడే మెట్ల మీద టార్చిలైటు వెలుగు పడింది. నన్ను ఇంటికి తీసుకెళ్ళడానికి నాన్నగారు వచ్చారు. పిన్నిగారు ప్రాణం లేచివచ్చినట్టు, "మాస్టారూ, దేవుడల్లే వచ్చారండి. ఆ లైటు ఇటు వేసి, ఈ చీటీలో ఏముందో చదివిపెట్టండి. నా అద్దాలు ఇంటి దగ్గర ఉండిపోయాయి" అన్నారు.

నా చేతిలోంచి చీటీ నాన్నగారి చేతిలోకి వెళ్ళింది. నాన్నగారు జీవితంలో ఉన్న అక్షరాన్ని లేదన్న మనిషి కాదు. ఒక పిల్లాడి మార్కులు పెంచమని వాళ్ళ నాన్న అరటిగెల తెస్తే, ఆ అరటిగెల మీద కట్టిన కాగితంలో కూడా తప్పులు దిద్ది పంపించేశారు. ఆయన టార్చి వేసి చీటీ చూశారు. ఒకసారి చదివారు. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చదివారు. టార్చి ఎత్తి బాబాయిగారి మొహం మీద వేశారు. ఆయన మొహం, సున్నా మార్కులు వస్తాయని ముందే తెలిసిన కుర్రాడి మొహంలా ఉంది.

నాన్నగారు గొంతు సవరించుకున్నారు. "దస్తూరీ అధ్వానంగా ఉంది" అన్నారు. "తప్పు నాదేనని ఒప్పుకోవడానికి నాకేమీ... అభ్యంతరం లేదు. అంతే. అంతే ఉంది."

కరెంటు వచ్చింది.

అందరం కళ్ళు చిట్లించుకున్నాం. ఎవరికీ గుర్తురాని సంగతి ఏమిటంటే కెమెరాకి బ్యాటరీ ఉంది. బావమరిది దాన్ని ఆపకుండానే కొవ్వొత్తికి వెళ్ళాడు. నా జాకెట్టుకి పెట్టిన మైకు అలాగే ఉంది. ఊళ్ళో ఆపకుండా వదిలేసిన టీవీలన్నీ ఒక్కసారి వెలిగాయి. వాటిలో నేను, నా వెనకాల వెలుగుతున్న టార్చి పట్టుకుని నాన్నగారు, పక్కన హోటలు దంపతులు.

లైటు పడగానే పిన్నిగారు చీటీ లాక్కుని, చెయ్యి బారుగా చాపి, కళ్ళు దగ్గరకి చేసి చదివారు. పెదాలు కదిలాయి. చదవడం పూర్తయ్యాక ఆవిడ చూసింది భర్త వైపు కాదు. నాన్నగారి వైపు.

"మాస్టారూ, ‘పిచ్చి పట్టలేదు’ అన్నదాన్ని ‘అభ్యంతరం లేదు’ అని చదువుతారాండీ? పిల్లలకి మీరు చెప్పేది ఇదేనాండీ?"

నాన్నగారు టార్చి ఆపారు. మళ్ళీ వెలిగించారు.

ఆవిడ భర్త వైపు తిరిగారు. "ఈ ముక్క చెప్పడానికి మేడెక్కి రావాలాండీ? ఇంట్లో చెప్తే సరిపోయేది కదా."

"ఇంట్లో నువ్వెక్కడున్నావే?" అన్నారు బాబాయిగారు.

పిన్నిగారు పైటచెంగుతో ముక్కు తుడుచుకున్నారు. "పెసలు నానబోశారా?"

"లేదు."

"మరి రేపు పొద్దున్న అట్లు దేంతో పోస్తారు? మీకు పట్టని పిచ్చితోనా? పదండి."

ఇద్దరూ మెట్లు దిగుతుంటే బజార్లో ఈలలు వేశారు. అప్పుడు తెలిసింది నాకు, కెమెరా మీద ఎర్రదీపం వెలుగుతోందని. నేను పొట్టలోంచి వస్తున్న నవ్వుని ఆపుకుంటూ, చేతులు జోడించి, "ఇంతటితో నేటి వార్తలు సమాప్తం" అన్నాను. ‘సమాప్తం’లో ఒక అక్షరం నవ్వులో పోయిందట. నాన్నగారు ఆ రాత్రి దిద్దలేదు.

మర్నాడు పొద్దున్న హోటలు ముందు రోడ్డు సగం దాకా జనం. పచ్చడి పాత రుచికి వచ్చిందో లేదో చూడ్డానికి, బస్టాండు హోటలాయన కూడా ఎవరినో పంపి పొట్లం కట్టించుకున్నాడట. బాబాయిగారు పెనం దగ్గర తలెత్తలేదు. పిన్నిగారు పెట్టిన రాజీసూత్రం ప్రకారం సీరియలు వేళకి టీవీ రిమోటు పప్పుల డబ్బాలో ఉంటుంది.

నష్టపోయింది నాన్నగారొక్కరే. ఆ సోమవారం ఆయన తరగతిలోకి వెళ్ళి, పద్యం అప్పజెప్పడానికి ఎవరు లేస్తారంటే, వెనక బెంచీ నుంచి ఒక కుర్రాడు నిలబడి, "నాకేమీ అభ్యంతరం లేదండి" అన్నాడట. రిటైరయ్యేదాకా ఊళ్ళో ఆయన పేరు అభ్యంతరం లేదు మాస్టారు. ఎప్పుడైనా నేను ఆ సంగతి ఎత్తితే, "అది తప్పు చదవడం కాదమ్మా, పాఠాంతరం" అనేవారు.

నేను మరికొన్నేళ్ళు వార్తలు చదివాను. తర్వాత వీధి వీధికీ పసుపు రంగు ఎస్టీడీ బూత్‌లు వచ్చాయి, ఇళ్ళలోకి ఫోన్లు వచ్చాయి, ఆ పైన జేబుల్లోకి సెల్లులు వచ్చాయి. చీటీలు పల్చబడ్డాయి. ఒక సాయంత్రం ఒక్క చీటీ కూడా రాలేదు. దూడ తప్పిపోయిన కబురు కూడా లేదు. రైలు కబురు రెండుసార్లు చదివి లేచాను. డిష్షాయన కొంచెం ఇబ్బందిపడుతూ, రేపట్నుంచి ఆ పావుగంటా పాటలు వేద్దామనుకుంటున్నానండి అన్నాడు. అప్పటికి నాకు తణుకు దగ్గర బడిలో ఉద్యోగం వచ్చింది. ఇద్దరికీ మాట కలిసింది.

ఉద్యోగానికి రోజూ పాసింజర్లో వెళ్ళేదాన్ని. రైలెక్కేముందు ఒక్కోరోజు హోటల్లో టిఫిను తినేదాన్ని. ఒక పొద్దున్న వెళ్ళేసరికి పిన్నిగారు కొత్త సెల్లుని చెవికి అడ్డంగా పట్టుకుని లోపల్నించి అరుస్తున్నారు. అవతల బాబాయిగారు. ఆయన ఎక్కడో కాదు, హోటలు ముందు పెనం దగ్గరే నిలబడి, ఇంకో సెల్లులో అంతే గట్టిగా సమాధానం చెబుతున్నారు. ఇద్దరి మధ్యా ఒక గోడ. తింటున్నవాళ్ళకి రెండు గొంతులూ రెండేసిసార్లు వినిపిస్తున్నాయి.

"ఏంటి పిన్నిగారూ, ఇంత దగ్గర్లో ఉండి ఫోన్లేంటి?"

"కొత్తది కదమ్మా, మాట సరిగ్గా వినపడుద్దో లేదో చూస్తున్నాం" అని ఆవిడ ఫోను దించి, అటు తిరిగి గోడవైపు కేకేశారు: "అట్టు మాడుతోందండీ!"